ఎవరో ఒకరు ఎదురుచూడవలెను

బడి యనునది పాఠములు చెప్పు చోటు మాత్రమే యైనచో, 2020వ సంవత్సరమున అంతర్జాతీయ పాఠశాలలలో చదువుచుండిన పిల్లలకు చెప్పుకోదగిన నష్టమేదియు వాటిల్లియుండెడిది కాదు. ఆ యేటి ఏప్రిల్ నాటికి కరోనా మూలమున 190కి పైగా దేశములలో బడులు మూతపడి, యునెస్కో లెక్క ప్రకారము దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు చెదరిపోగా, వారిలో పేదలైన కోట్లాది పిల్లలకు పాఠమన్నది అందనే లేదు. కాని దుబాయిలోను, సింగపూరులోను, హైదరాబాదు శివారులలోను లక్షలలో రుసుములు చెల్లించి చదువు ఈ పిల్లలకు మాత్రము, ఎక్కువ జాగు లేకయే లాప్‌టాప్ తెఱమీద ఉపాధ్యాయుడు ప్రత్యక్షమయ్యెను, హాజరు పిలువబడెను, హోంవర్కు సైతము యథాప్రకారముగ వచ్చిపడెను. ఇంత సదుపాయము కలిగియుండియు ఆ పిల్లలలో పెక్కుమంది వాడిపోయిరి. కెమెరా ఆపివేసి, మైకు మూసి, పడకమీదనే కూర్చుండి, పిలిచిన పిలుపునకు ‘ఆఁ, వింటున్నా’ నని మాత్రము బదులు పలుకు పదునాఱేండ్ల బాలుని చూచి కొందఱు తల్లిదండ్రులు సోమరితనమనిరి; కొందఱు ఫోను వ్యసనమనిరి. నా తలంపున ఆ రెండును గాదు.

బడిలో నున్నంత సేపును పిల్లవాడు తన కెఱుక లేకయే పదిమందికి పనికివచ్చుచుండును. ప్రక్కవానికి లెక్క విప్పి చెప్పును. క్రొత్తగా చేరిన కొరియా బాలికకు క్యాంటీను త్రోవ చూపును. వాడు రాని నాడు ఫుట్‌బాల్ జట్టునకు గోలు కాచువాడుండడు. తెఱముందఱ కూర్చున్ననాడు ఈ చిన్న చిన్న అధికారములన్నియు ఒక్కసారిగ ఊడిపోయి, వాడు కేవలము పుచ్చుకొనువాడై మిగిలిపోవును. తాను లేకున్నను ఆ తరగతి జరుగును. కాదనుకొన్నచో రికార్డింగు ఉండనే యున్నది. తన రాకకై ఎవరును ఎదురుచూడని సభకు ప్రతిదినమును ఠంచనుగ హాజరగుట పెద్దవారికే దుస్సహమైనపుడు పిల్లల మాట చెప్పనేల? కావున దూరమునుండి చదువు పిల్లవానికి మనము చేయగల సహాయములలో ముఖ్యమైనది, వానిచేత మఱియొకరికి సహాయము చేయించుటయే యని నేను నమ్ముచున్నాను. ఈ యధ్యాయమున చెప్పబోవు ఉపాయములన్నియు ఆ నమ్మకమునుండి పుట్టినవే.

ఉపాయములకు ముందు ఈ పిల్లలెవరో కొంచెము తెలిసికొనుట మంచిది. నానాజాతి సమితి ఉద్యోగుల బిడ్డల కొఱకు జెనీవాలో 1924లో ఒక పాఠశాల వెలసినది. అదే యేట జపానులోని యొకొహామాలో మఱియొకటి. అప్పటినుండి దౌత్యోద్యోగులును, బ్యాంకుల వారును, నూనె కంపెనీల వారును ఊరూరు తిరుగుచు తమ పిల్లలను ఇట్టి బడులలో చేర్చుచు వచ్చిరి. గల్ఫు దేశములలోని తెలుగు కుటుంబములలో అనేకులు సీబీఎస్ఈ బడులనే ఆశ్రయించినను, ఉద్యోగరీత్యా మూడు నాలుగు దేశములు మాఱువారు మాత్రము ఏ దేశమునకు పోయినను ఒకే పాఠ్యప్రణాళిక దొరకునను ఆశతో వీనివైపు మొగ్గుదురు. 1950 ప్రాంతమున భారతదేశమునందు నివసించుచుండిన అమెరికను కుటుంబములను పరిశీలించిన రూత్ హిల్ యూసీమ్ అను సమాజశాస్త్రవేత్త, ఇట్టి పిల్లలు తలిదండ్రుల దేశమునకు గాని, తాము పెరుగు దేశమునకు గాని పూర్తిగ చెందక, తమవలెనే తిరుగాడు ఇతర బాలురలో బంధుత్వమును వెదకుకొందురని గమనించెను. అట్టివానికి పుట్టిన ఊరును బడియే, మేనమామ యిల్లును బడియే. అది మూతపడిననాడు ఇతర పిల్లలకు బడి పోయినది. వీనికి ఊరే పోయినది.

అందును, ఈ బడులలో వీడ్కోలు ఒక సంవత్సరోత్సవము. జూన్ వచ్చెనన్న తరగతిలో కొందఱు దేశము వదలి పోవుచుందురు. చొక్కాలమీద సంతకములు, కౌగిలింతలు, కన్నీళ్లు, అన్నియు ఒక క్రమమున జరిగి మనస్సు తేలికపడును. 2020లో తండ్రి ఉద్యోగము పోయిన కుటుంబములు, మే 7వ తేదీన మొదలైన వందే భారత్ విమానములలో చోటు దొరికినదే తడవుగ సామాను సర్దుకొని వచ్చివేసినవి. ఆ పిల్లలు గుంటూరులో తాతగారింట కూర్చుండి దుబాయి బడి ఆఖరి పరీక్షలు వ్రాసిరి. మిత్రులకు వీడ్కోలు చెప్పలేదు. ఇట్టి లోపమును పెద్దలు కాలమే మాన్పునని ఉపేక్షింపరాదు. తరగతి యుపాధ్యాయుడు ఒక గంట కేటాయించి, పోవువానిని గూర్చి మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క జ్ఞాపకము చెప్పునట్లు చేసినచో, అది తెఱమీద జరిగినను సరియే, చాలవరకు ఋణము తీరును. ఈ పని ఏర్పాటు చేయు బాధ్యతను ఉపాధ్యాయుడు తానే మోయక, తరగతిలో మిక్కిలి మౌనముగ నున్న పిల్లవానికి అప్పగించుట నేను మెచ్చుదును.

ఇక కాలము సంగతి. సింగపూరులో ఉదయము 8 గంటల తరగతికి విజయవాడలోని పిల్లవాడు తెల్లవారుజామున 5.30కు కూర్చుండవలెను. హైదరాబాదు బడిలో 8.30కు మొదలగు పాఠము, వేసవిలో చికాగోకు పోయి చిక్కుకొన్న బాలికకు ముందునాటి రాత్రి 10 గంటలకు వచ్చును. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు గల పిల్లలకు దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచుండగా, బడి గడియారమును పట్టుకొని వ్రేలాడుట మూర్ఖత్వము. తల్లిదండ్రులు నిస్సంకోచముగ బడికి వ్రాయవలెను: ప్రత్యక్షముగ కూడుకొను సమయము దినమునకు ఒకటి, అదియు అందఱకును మెలకువగల వేళ నుండునట్లును, తక్కిన పాఠములు రికార్డింగులుగ ఇచ్చునట్లును కోరవలెను. మంచి బడులు ఈ కోరికను మన్నించును. మన్నింపని బడియైనచో, హాజరుపట్టీలో రెండు గీతలు తగ్గినను నిద్ర తగ్గనీయక పిల్లవానిని పరుండబెట్టుడు. నిద్రలేనివాని యెదుట సేవాభావమును గూర్చి ఉపన్యసించుట వ్యర్థము.

వారమునకు ఒకసారి పెద్దవారొకరు, తల్లిదండ్రులు గాని, బడిలో సలహాదారు గాని, ఆ పిల్లవానితో పది నిముషములు ఏకాంతముగ మాటలాడవలెను. ‘చదువెట్లున్నది?’ అని అడిగినచో ‘బాగుంది’ అను నొక్క మాటతో సంభాషణ ముగియును. ‘ఈ వారము నీవు ఎవరితో మాట్లాడితివి? నీతో మాట్లాడవలెనని ఎవరు వచ్చిరి?’ అని అడిగి చూడుడు. రెండవ ప్రశ్నకు జవాబు లేకపోవుట జ్వరము వంటి లక్షణము. దానిని చూచిన పిమ్మట చికిత్స మొదలుపెట్టవలెను.

ఆ చికిత్స క్రొత్తది గాదు. హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లో జర్మనీ విడిచి పోయిన కర్ట్ హాన్ అను విద్యావేత్త, స్కాట్లండులో గోర్డన్‌స్టన్ పాఠశాలను స్థాపించి, పిల్లలు చదువుతోపాటు చుట్టుపట్ల ప్రజలకు ఆపదలో అక్కఱకు రావలెనని పట్టుబట్టెను. ఆయన భావమునుండియే వేల్స్ సముద్రతీరమున 1962లో అట్లాంటిక్ కళాశాల పుట్టినది. అందలి విద్యార్థులు ఏండ్ల తరబడి బ్రిస్టల్ ఛానెల్‌లో మునుగుచున్న వారిని కాపాడు రక్షకదళముగ పనిచేసిరి. వారి ప్రధానోపాధ్యాయుడైన డెస్మండ్ హోర్ అను విశ్రాంత నౌకాధికారి, అడుగు గట్టిగను, అంచు గాలిసంచిగను గల ఒక క్రొత్తరకపు పడవను పిల్లల చేతనే కట్టించి పరీక్షించి, దాని హక్కును పేరునకు ఒక్క పౌనుకే ప్రాణరక్షక సంస్థకు ఇచ్చివేసెను. నేడు ప్రపంచమంతట తీరరక్షకులు వాడు పడవలకు మూలమదియే. ఆ పిల్లలకు ఎవరును ప్రశంసాపత్రము చూపి ఆశపెట్టలేదు. గంట మ్రోగినచో నీటిలో ఎవరో యున్నారని వారికి తెలియును, అంతే. పడవ మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: మన కృష్ణా తీరమున పాతూరి నాగభూషణముగారు 1935లో కాలువలపై పడవలలో పుస్తకములు పంపి, గ్రంథాలయమునకు రాలేని వారియొద్దకు గ్రంథాలయమునే నడిపించిరి. దూరమున నున్నవానికి చదువు చేర్చుట యంతర్జాలముతో పుట్టిన విద్య యనుకొనువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఇట్టి సేవ నేటి అంతర్జాతీయ బడులకును క్రొత్త గాదు. 1968లో జెనీవాలో నెలకొన్న ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ, ఈ బడులలో పెక్కింట నడచు తన డిప్లొమాకు సృజన, శరీరశ్రమ, సేవ అను మూడింటిని గూర్చిన నియమమును పెట్టినది. పిల్లలు దానిని ‘క్యాస్’ అందురు. దీనికి మార్కులు లేవు. కాని ఇది లేక డిప్లొమా లేదు. పదునెనిమిది నెలలపాటు సాగవలెను, అందులో ఒక పనియైనను ఒక నెలకు తగ్గక నడువవలెను. ఒకప్పుడు 150 గంటల లెక్క యుండెడిది. పిల్లలు గంటలు కూడబెట్టుటయందే నేర్పరులగుచున్నారని కాబోలు, తరువాత ఆ లెక్కను వదలిరి. 2020 మేలో జరుగవలసిన డిప్లొమా పరీక్షలు రద్దై, మార్కులు గణనచేసి యిచ్చినపుడు ప్రపంచమంతట ఆక్రోశము చెలరేగెను. రెండేండ్ల శ్రమకు ఫలితము తమ చేతిలో లేకపోయెనని పిల్లలు కుమిలిపోయిరి. వారి చేతిలో మిగిలినది ఈ మార్కులు లేని భాగమే యని అప్పుడు చెప్పినవారు అరుదు.

ఇక పిల్లలచేత చేయింపదగిన సేవలు మూడు విధములు. మొదటిది బడిలోపలనే దొరకును. ఆంగ్లము అప్పుడే నేర్చుకొనుచున్న తొమ్మిదేండ్ల జపాను బాలునికి, పదునైదేండ్ల విద్యార్థి వారమునకు మూడుమార్లు ఇరువది నిముషములు కథ చదివి వినిపించి, వానిచేత చదివించినచో, ఏ ఉపాధ్యాయుడును తెఱమీద నలువది మందిలో చేయలేని పని యగును. జోడి కూర్చునపుడు ఒకప్పుడు తానును క్రొత్తవాడై ఏడ్చినవానినే ఏరుడు. మాతృభాష ఒకటియే యైన పిల్లలు దొరికినచో, ఆంగ్లము ప్రక్కనబెట్టి వారి భాషలోనే కథలు చెప్పుకొననీయవలెను. తలుపులు మూసిన పరదేశపు అపార్ట్‌మెంటులో తల్లి తప్ప తన భాష మాటలాడువారు లేని పసివానికి, బడిలోని పెద్ద అన్న ఒకడు ఆ భాషలో పలుకరించుట చిన్న సంగతి కాదు.

రెండవది, గుమ్మము దాటిన వెంటనే యున్నది. హైదరాబాదులో పది అంతస్తుల భవనమున పైన బాలుడు లాప్‌టాప్‌లో పాఠము వినుచుండగా, క్రింద సెల్లారులోని గదిలో వాచ్‌మన్ కూతురు దూరదర్శన్ యాదగిరి చానెలుముందఱ కూర్చుండును. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము యాదగిరి, టీ-సాట్ చానెళ్లద్వారా బడిపాఠములను ప్రసారము చేసినది. టీవీ ప్రశ్నను వినదు. భిన్నముల కూడిక అర్థము కాకున్నచో ఆమె అడుగుటకు ఎవరును లేరు. పై యంతస్తు బాలునికి భిన్నములు కరతలామలకము. కాని వానికి తెలుగు చదువుట సరిగ రాదు, ‘లవము’, ‘హారము’ అనగా ఏమో ఎఱుగడు. ఈ యిద్దఱును ప్రతి సాయంకాలము ఫోనులో అఱగంట మాటలాడుకొన్నచో ఆమె లెక్క నేర్చును, వాడు తెలుగు నేర్చును; పైవాడు క్రిందివానికి చేయు దానమను వాసన అందులో పుట్టదు. దీనిని ఏర్పఱచు తల్లిదండ్రులకు రెండు మాటలు. ముందుగ వాచ్‌మన్ పేరు మీవాడు తెలిసికొనవలెను. ఏండ్లు గడచినను ‘వాచ్‌మన్ అంకుల్’ అనుటయే గాని పేరెఱుగని పిల్లలు ఎందఱో కలరు. పిమ్మట ఆ యమ్మాయి తల్లిదండ్రుల యనుమతి మీరు స్వయముగ పోయి అడుగవలెను, పిలిపించి అడుగరాదు. ఫోను స్పీకరులో పెట్టి, ఇరుప్రక్కల పెద్దలు వినుచుండునట్లు మాటలాడుట మేలు. రీచార్జి సొమ్ము మీరు పెట్టుకొనుడు. దానిని గొప్పగ చెప్పుకొనకుడు.

అట్లే ఆ భవనముననే పిల్లలు అమెరికాలోనుండ ఒంటిగ నున్న వృద్ధులు ఒకరిద్దఱు తప్పక యుందురు. మందులు తెప్పించుట, కరెంటు బిల్లు ఫోనులో కట్టుట, మనుమరాలితో వీడియో కలుపుట, ఇవి పదునాలుగేండ్లవానికి క్షణములో పనులు. చేసిపెట్టుట కంటె నేర్పుట మేలని పుస్తకములు చెప్పునుగాని, ఎనుబదేండ్ల పెద్దాయనకు నేర్చుకొను కోరిక లేనిచో చేసిపెట్టి, కాఫీ త్రాగి రావచ్చును.

మూడవది, నిజముగ దూరమునుండి చేయు పని. ఇందులో నా కెక్కువ మక్కువ, పాత పుస్తకములను అంతర్జాలమున చేర్చు తెలుగు వికీసోర్సు మీద. పాత పుస్తకపు పుట బొమ్మ ఒకవైపు, యంత్రము చదివి తప్పులతడకగ ఇచ్చిన పాఠము మఱియొకవైపు కనబడును. దిద్దవలసిన పుట ఎఱుపు, ఒకరు దిద్దినది పసుపు, రెండవవారు సరిచూచినది ఆకుపచ్చ. పసుపుపుట మఱియొక మనుష్యుని కొఱకు ఎదురుచూచుచునే యుండును. తాను దిద్దిన దానిని తానే పచ్చగ చేసికొనుటకు వీలులేదు. సింగపూరులోని మనుమనికి టైపు వచ్చును, తెలుగు అంతగ రాదు; రాజమండ్రిలోని అమ్మమ్మకు తెలుగు వచ్చును, టైపు రాదు. వీడియోలో ఆమె చదువ, వాడు దిద్ద, దినమునకు ఒక పుట నడిచినచో చాలును. ‘బాగున్నావా, తిన్నావా’ అను రెండు ప్రశ్నలతో ఆగిపోవు సంభాషణకు ఒక పని దొరకుట ఇరువురకును మేలు.

తెలుగు రానివారికి పటములున్నవి. 2010లో హైతీ భూకంపమునకు, 2015లో నేపాలు భూకంపమునకు, వేలకొలది స్వచ్ఛంద సేవకులు తమ యిండ్లలో కూర్చుండి ఉపగ్రహచిత్రములు చూచి బాటలను, ఇండ్లను ఎవరైనను దిద్దగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపు అను పటములో గీసి సహాయకులకు అందించిరి; పటము లేని ప్రాంతములకు ముందుగనే పటము సిద్ధపఱచు మిస్సింగ్ మ్యాప్స్ అను ప్రయత్నము 2014నుండి నడచుచున్నది. అంధులకు వీడియోద్వారా కన్నులై మందుసీసా పేరు చదివిపెట్టు బీ మై ఐస్ అనునది 2015లో డెన్మార్కులో మొదలైనది. ఇట్టివానిలో చేరకముందు వయోనియమము చూచుకొనవలెను. పిల్లవాడు ఆంతరంగికముగ అపరిచితులతో మాటలాడు ఏ సేవయైనను, తలుపు తీసియున్న గదిలో, బడి యిచ్చిన ఖాతాతో, ఒక పెద్దవారి యెఱుకలోనే జరుగవలెను. ఈ విషయమున మొగమాటము పనికిరాదు.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. విదేశీ విశ్వవిద్యాలయముల దరఖాస్తును దృష్టిలో పెట్టుకొని, పదునాఱేండ్ల బిడ్డ పేర ఒక ‘ఫౌండేషన్’ స్థాపించి, దానికి చిహ్నమును, వెబ్‌సైటును తండ్రి కార్యాలయపు సిబ్బందిచేత చేయించి, మాస్కుల పంపకమునాడు ఫొటోలకు మాత్రము బిడ్డను తెచ్చి నిలబెట్టు తల్లిదండ్రులు మన నగరములలో పెరుగుచున్నారు. ఆ ఫొటోలో ఎవరైనను ఆ బిడ్డ కొఱకు ఎదురుచూచిరా? క్యాస్ అనుభవములను గూర్చి వ్రాయవలసిన ఆత్మపరిశీలనలు గడువునకు ముందురాత్రి పుంఖానుపుంఖముగ పుట్టుట సలహాదారులందఱు ఎఱిగిన సంగతియే. పని చిన్నదైనను, పుచ్చుకొనువానికి పేరుండి, వారమున ఫలానా నాడని నిర్ణయముండి, తాను మానినచో ‘ఏమి, రాలేదే?’ అని అడుగు మనుష్యుడొకడు ఉన్నచో, వ్రాయుటకు సంగతులు వానంతట అవియే పుట్టును.

ఈ సేవ అందఱిచేతను చేయింపనక్కఱలేదు. ఇంటిలో మరణము జరిగినవాడు, వారముల తరబడి నిద్రపట్టనివాడు, అన్నము ముట్టనివాడు, ఇప్పుడు ఇచ్చువాడు కాదు, పుచ్చుకొనవలసినవాడు. వానికి వైద్యుని సలహా, పెద్దల సాన్నిధ్యము ముఖ్యము. తన చదువును తప్పించుకొనుటకై సేవలో మునుగు పిల్లలును కలరు. వారిని మందలించుట సులభము. వారి గణితము వెనుకబడినదేమో చూచి ట్యూషను కుదుర్చుట కష్టమైన పని, అదియే చేయవలసినది.

ఇక సేవను ముగించుట గూర్చి. కరోనా పోయినను దూరవిద్య పోలేదు. ఢిల్లీలో నవంబరు పొగ కమ్ముకొన్నపుడెల్ల బడులు తెఱమీదికి పోవుచునే యున్నవి. బడి మరల తెఱచిన దినముననే, నిన్నటివఱకు సాగిన ఫోనుకాల్ చెప్పాపెట్టక ఆగిపోవుట నేను ఎక్కువగ విన్న ఫిర్యాదు. అందువలన మొదలుపెట్టినపుడే ఎంతకాలమో అవతలివారికి చెప్పవలెను. ఒక నోటుపుస్తకములో పేరు, దినము, వేళ, ఏ పుటవద్ద ఆగినది, ఏ మాట కఠినమైనది, ఆ యమ్మాయికి ఏ లెక్క ఇంకను తడబడుచున్నది వ్రాసియుంచవలెను. బడివారు సాక్ష్యమడిగినచో ఈ పుస్తకమునే చూపవచ్చును. వదలవలసిన కాలము వచ్చినపుడు తరువాతివానిని వెదకి, పుస్తకమును వాని చేతికిచ్చి, మొదటి రెండు వారములు పాతవాడును ఫోనులో కలియవలెను. మూడవ వారమునుండి క్రొత్తవాడే మాటలాడును.